అమ్మ కాళ్ళ మంటకు గంజాయి గమ్మీలు, విజయ నూనె: ఎవరైనా వాడారా?

హన్మకొండ_అబ్బాయి:
అందరికీ నమస్తే. అమ్మకు షుగర్ చాలా ఏళ్ళుగా ఉంది. ఇప్పుడు రెండు అరికాళ్ళలో మంట, తిమ్మిరి, రాత్రయితే దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతోంది, మంచం దిగి చల్లటి బండ మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. డాక్టర్ నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ 75 మి.గ్రా. రాశారు. కొంచెం నయమే కానీ మోతాదు పెంచితే పొద్దున లేవగానే తూలుతోంది, ఎక్కడ పడుతుందోనని మాకు టెన్షన్. కాలిఫోర్నియాలో ఉండే మా బావ, వాళ్ళ పక్కింటి ముసలాయన వెన్నునొప్పికి గంజాయి గమ్మీలు (గంజాయి కలిపిన నమిలే మిఠాయి బిళ్ళలు) వేసుకుని గట్టి నొప్పి మాత్రలు తగ్గించుకున్నాడని, సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండు డబ్బాలు తెస్తానని అంటున్నాడు. నాకేమో ఫోన్ తెరిస్తే చాలు 'విజయ' (ఆయుర్వేదంలో గంజాయి మొక్క పేరు) నూనె ప్రకటనలు. ఇక్కడ కాజీపేట స్టేషన్‌లో గంజాయి పట్టివేత అని పేపర్లో వస్తుంటే అదే గంజాయిని అక్కడ మందంటున్నారు, ఏది నమ్మాలో అర్థం కావట్లేదు. వాడినవాళ్ళు ఉంటే చెప్పండి.

మెడికల్_షాపు_అన్న:
తమ్మీ, ముందు బావకు ఫోన్ చేసి వద్దని చెప్పు. అక్కడ మందుగా గంజాయి కొనుక్కోవడానికి ఇచ్చే కార్డు ఉన్నా, బిల్లు ఉన్నా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పనికిరావు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం కింద గంజాయి పూత, దాని బంక, వాటితో చేసిన మిశ్రమం ఏదైనా నేరమే, 'అత్తమ్మ కాళ్ళ నొప్పికి సార్' అంటే వినేవాళ్ళుండరు.

విజయ సంగతి వేరు. ఆ చట్టంలో గంజాయి అంటే పూత కంకులు. విడిగా ఉన్న ఆకు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే ఆకుతో చేసిన ఆయుర్వేద మందులు ఆయుష్ (సంప్రదాయ వైద్యాల ప్రభుత్వ శాఖ) లైసెన్సు మీద అమ్ముతున్నారు, వాటికి ఆయుర్వేద డాక్టర్ చీటీ ఉండాలి. సీసా మీద లైసెన్సు నంబరు లేకపోతే దాన్ని ముట్టకు. ఇంకో మోసం చూసుకో. గింజల నూనెకు 2021లో ఆహారంగా అనుమతి వచ్చింది, దాంట్లో మత్తు ఉండదు, నొప్పికి పనిచేస్తుందని చెప్పే సీబీడీ (గంజాయి మొక్కలో ఉండే మత్తులేని పదార్థం) కూడా ఉండీ లేనట్టే. దానికే ఆకు బొమ్మ వేసి నొప్పి మందని వేలకు వేలు లాగుతున్నారు. కూరలో పోసుకోవడానికి బాగానే ఉంటుంది.

పరకాల_నుంచి_న్యూజెర్సీ:
నేను ఇక్కడ నర్సును, నొప్పి విభాగంలో పని. బావగారు చెప్పింది అబద్ధమేమీ కాదు. 1996లో కాలిఫోర్నియాతో మొదలై ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో మెడికల్ కార్డులిస్తున్నారు, కార్డు అడిగేవాళ్ళు ఎక్కువగా చెప్పే కారణం దీర్ఘకాలిక నొప్పే. ఓపియాయిడ్ (నల్లమందు జాతి గట్టి నొప్పి మందుల) మాత్రలకు అలవాటుపడి ఎంతమంది పోయారో చూశాక జనం ఇటు తిరగడంలో వింత లేదు. కానీ డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. 2017లో అమెరికా నేషనల్ అకాడమీస్ వాళ్ళు పెద్దల్లో దీర్ఘకాలిక నొప్పికి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలున్నాయన్నారు. 2021లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం మాత్రం ఉన్న ఆధారాలు చాలవని, మేం సమర్థించలేమని చెప్పింది. నొప్పికని ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ) అనుమతించిన గంజాయి మందు అయితే లేదు, 2018లో వాళ్ళు అనుమతించిన సీబీడీ సిరప్ అరుదైన మూర్ఛలకు.

నా కళ్ళతో చూసేది చెప్తాను. చాలామందికి నొప్పి అలాగే ఉంటుంది, కానీ నిద్ర పడుతుంది, దాంతో ఓర్చుకోగలుగుతారు. అది కూడా చిన్న విషయం కాదులెండి. గమ్మీలతో వచ్చే తంటా ఏంటంటే, అవి పనిచేయడానికి గంట, ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది. పెద్దవాళ్ళు అరగంట చూసి 'ఏం కాలేదే' అని ఇంకోటి నోట్లో వేసుకుంటారు. ఆ తర్వాత రెండూ కలిసి ఒక్కసారే ఎక్కితే గుండె దడ, చెమటలు, చచ్చిపోతున్నానని భయం, అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగు. అమ్మ ఇప్పటికే ప్రీగాబలిన్‌తో తూలుతున్నారు. దానిమీద ఇది వేస్తే లేచి నిలబడగానే బీపీ పడిపోయి తుంటి విరిగే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడుతుంటే అసలే కుదరదు.

ఓరుగల్లు_పెద్దాయన:
1985కు ముందు గంజాయిని లైసెన్సు దుకాణాల్లోనే అమ్మేవాళ్ళు, ఇదేదో కొత్తగా అమెరికావాళ్ళు కనిపెట్టినట్టు మాట్లాడుతున్నరు. అంత గొప్ప మందైతే జాతరలకొచ్చే సాధువులకు మోకాళ్ళ నొప్పులే ఉండొద్దు మరి.

జనగామ_కోడలు:
పెద్దాయనా, నవ్వొచ్చింది గానీ నొప్పితో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఈ మాట అనరు. మా అత్తమ్మకు క్యాన్సర్ వచ్చినప్పుడు మార్ఫిన్ (నల్లమందు జాతి నొప్పి మందు) కోసం ఎన్ని చోట్ల తిరిగామో మాకే తెలుసు. డాక్టర్ రాసిచ్చిన మందే, అయినా ఆ పేరు వినగానే దొంగల్ని చూసినట్టు చూశారు. అలాంటివాళ్ళ కోసమే 2014లో ఆ మత్తుమందుల చట్టం మార్చారట, అయినా కౌంటర్ల దగ్గర భయం పోలేదు. గంజాయి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే బదులు ఉన్న మందులు సరిగ్గా అందేలా చూస్తే చాలామంది రాత్రిళ్ళు పడుకుంటారని నా ఉద్దేశం. ఇప్పుడు జిల్లా ఆసుపత్రుల్లో ఆలన కేంద్రాలు (పెద్ద జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించేవి) ఉన్నాయి, మంచాన పడ్డవాళ్ళకు ఇంటికి కూడా వస్తారు. క్యాన్సర్ పేషెంట్లు ఉన్నవాళ్ళు అక్కడ అడగండి.

హన్మకొండ_అబ్బాయి:
అందరికీ థాంక్స్. బావకు వద్దని చెప్పేశాను, కొంచెం అలిగాడు. అమ్మకు వార్ఫరిన్ లేదు, బీపీ గోళీ, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంది. ప్రీగాబలిన్ పెంచలేకపోతే ఇంకేం దారి ఉంది?

మెడికల్_షాపు_అన్న:
మెట్‌ఫార్మిన్ ఎన్నాళ్ళ నుంచి? ఏళ్ళ తరబడి వాడితే కొందరికి విటమిన్ బీ12 తగ్గుతుంది, అది తగ్గినా ఇలాగే తిమ్మిరి, మంట. ముందు ఆ రక్తపరీక్ష, మూడు నెలల షుగర్ పరీక్ష చేయించు, రిపోర్టులు పట్టుకుని న్యూరో డాక్టర్ దగ్గరికి పో. నరాల నొప్పికి డులాక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందులు ఉన్నాయి, ఏది ఇవ్వాలో గుండె, బీపీ చూసి వాళ్ళే చెప్తారు, నన్ను అడిగి కొనొద్దు. పైన రాసుకునే క్యాప్సైసిన్ క్రీమ్ కూడా ఉంది, అది మన ఏనుమాముల మార్కెట్ మిర్చిలో ఉండే ఘాటే. మొదట్లో మంట పెరిగినట్టే ఉంటుంది, రోజూ రాస్తుంటే కొందరికి తగ్గుతుంది. కాలి మీద పగుళ్ళు, పుండ్లు ఉంటే రాయొద్దు. రాసిన చేతిని సబ్బుతో కడగకుండా కంట్లో పెట్టుకోవద్దని అమ్మకు గట్టిగా చెప్పు. ఎట్లాగూ మిర్చే కదా అని ఇంట్లో కారం నూరి రాసేవాళ్ళున్నారు, ఆ పని మాత్రం చేయకండి, షుగర్ కాళ్ళకు స్పర్శ తక్కువ, కాలి బొబ్బలెక్కినా తెలియదు.