లా అవ్వగానే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్‌గా చేరొచ్చా? (హైదరాబాద్)

ఆఖరి_ఏడు_లా:
అందరికీ నమస్తే. ఎల్‌ఎల్‌బీ మూడో సంవత్సరం చదువుతున్నాను, ఉండేది విద్యానగర్. పోయిన నెల కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ తరఫున మమ్మల్ని చంచల్‌గూడ జైలుకి తీసుకెళ్ళారు. అక్కడ నా ఈడువాడే ఒకతను ఉన్నాడు. సెల్‌ఫోన్ దొంగతనం కేసు, బెయిల్ వచ్చి 19 రోజులైంది, షూరిటీకి నిలబడేవాళ్ళు లేక ఇంకా లోపలే ఉన్నాడు. బెయిల్ ఆర్డర్ జిరాక్స్ జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు, మడతల దగ్గర చిరిగితే అన్నం మెతుకులతో అతికించుకున్నాడు. ఇంగ్లీషు రాదు. "ఇందులో నన్ను పంపించెయ్యమనే ఉంది కదన్నా?" అని అడిగాడు. ఉంది అన్నాను. మరెందుకు పంపట్లేదంటే నా దగ్గర సమాధానం లేదు.

అప్పట్నుంచి వేరే పని మీద మనసు పోవట్లేదు. లాయర్‌ని పెట్టుకోలేనివాళ్ళ తరఫున క్రిమినల్ కోర్టులో నిలబడాలని ఉంది. బార్ కౌన్సిల్‌లో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అవ్వగానే నేరుగా చేరొచ్చా, ముందు సీనియర్ దగ్గర ఉండాలా? డబ్బులు బతకడానికి సరిపోతాయా? ఇంకోటి, నాన్న "దొంగల్ని విడిపించడానికా నిన్ను చదివించింది" అంటున్నారు. ఆయనకేం చెప్పాలి?

నాంపల్లి_అడ్వకేట్:
తమ్ముడూ, నేరుగా చేరొచ్చు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2022లో తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో మూడు మెట్లున్నాయి. చీఫ్‌కి క్రిమినల్ ప్రాక్టీసు కనీసం 10 ఏళ్ళు, డిప్యూటీకి 7 ఏళ్ళు ఉండాలి, అసిస్టెంట్‌కి మాత్రం సున్నా నుంచి 3 ఏళ్ళు. నీ దారి అదే. ముందు ఎన్‌రోల్‌మెంట్ (2024లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జనరల్ వాళ్ళకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలకి మించి తీసుకోకూడదు, ఆ డబ్బుల టెన్షన్ పెట్టుకోకు), ఆ తర్వాత బార్ ఎగ్జామ్. ఖాళీలు పడితే న్యాయ సేవాధికార సంస్థ నుంచి నోటిఫికేషన్ వస్తుంది.

పాత ప్యానెల్ లాయర్ పద్ధతికీ దీనికీ ఒక్కటే తేడా, కానీ అదే పెద్దది. ప్యానెల్‌లో ఉన్నాయన తన సొంత కేసులు చూసుకుంటూ మధ్యలో ఇది చూసేవాడు. ఇక్కడ ఫుల్‌టైమ్, సొంత ప్రాక్టీసు పెట్టుకోకూడదు. నెల నెలా గౌరవ వేతనం ఇస్తారు, అంకె నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, చూసుకుని ఇంటి అద్దెతో లెక్కేసుకో. మొదట రెండేళ్ళ కాంట్రాక్టు, పని బాగుంటే పొడిగిస్తారు. పర్మనెంట్ ఉద్యోగం కాదు. అది తెలిసే రా.

ఇక జైల్లో ఆ అబ్బాయి సంగతి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దీని గురించే ఆదేశాలిచ్చింది. బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ బయటికి పోకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజెయ్యాలి. నెలలోపు బాండు ఇవ్వలేకపోతే షరతులు సడలించాలా అని కోర్టు తనంతట తానే చూడొచ్చు. నువ్వు చూసేటప్పటికి 19 రోజులు! మీ క్లినిక్ ఫ్యాకల్టీతో ఇవాళే కార్యదర్శికి ఉత్తరం రాయించు, లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ కూడా చెయ్యి. నువ్వు చెయ్యాలనుకుంటున్న పని ఇదే, ఎన్‌రోల్‌మెంట్ కోసం ఆగక్కర్లేదు.

ట్రయల్_కోర్టు_మనిషి:
పైన అక్క చెప్పినవన్నీ నిజమే కానీ "నేరుగా చేరొచ్చు" అన్న దగ్గర నేను ఒప్పుకోను. చేరొచ్చు, కానీ చేరకు. ఒక్క ఏడాదైనా రోజూ సాక్షుల్ని క్రాస్ ఎగ్జామినేషన్ చేసే సీనియర్ వెనక ఫైలు పట్టుకుని నిలబడు. పంచ్ సాక్షిని (పోలీసులు సోదా, జప్తు చేసేటప్పుడు పక్కన ఉండి సంతకం పెట్టినవాణ్ణి) ఏ ప్రశ్న అడగాలో పుస్తకం చెప్తుంది. ఏ ప్రశ్న అడక్కుండా కూర్చోవాలో ఎవరో ఒకరు పక్కన ఉండి మోకాలి మీద తట్టి చెప్పాలి. మన చేతిలో ఉండేది ఒక మనిషి జీవితం, అది నేర్చుకునే స్లేటు కాదు.

అన్నిటికంటే ముందు తేదీలు లెక్కపెట్టడం నేర్చుకో. రిమాండ్ అయిన రోజు నుంచి 60 రోజులు, పదేళ్ళు ఆపైన శిక్షపడే కేసులైతే 90. ఆలోపు చార్జిషీటు వెయ్యకపోతే బెయిల్ హక్కు. కానీ పిటిషన్ పెట్టుకోవాలి. మనం పెట్టేలోపు చార్జిషీటు పడిందా, హక్కు పోయింది. నేను ప్రతి ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో రిమాండ్ తేదీ, కింద 61వ రోజు తేదీ రాస్తాను, అన్నిటికంటే ముందు ఆ రెండు అంకెలే కనపడాలి. అలాగే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 479 చదువు: ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే విడుదలకి అర్హుడు. ఉరి, యావజ్జీవం పడే కేసులకి వర్తించదు, ఒకటికంటే ఎక్కువ కేసులు పెండింగ్‌లో ఉన్నా చిక్కే.

నాంపల్లి_అడ్వకేట్:
సీనియర్ దగ్గర నేర్చుకోవాలన్నది ఒప్పుకుంటాను సర్. కానీ ఇంటి నుంచి డబ్బు రాని పిల్లలు ఏడాదిపాటు బస్ పాస్ ఖర్చుకి కూడా చాలని డబ్బుతో ఎలా నెట్టుకొస్తారు? అసిస్టెంట్ మీద డిప్యూటీ, చీఫ్ ఉంటారు కదా, ఆ నేర్చుకోవడం అక్కడా జరుగుతుంది.

మౌలాలి_నుంచి:
నేను లాయర్‌ని కాదు. ఈ పోస్టు పెట్టిన అబ్బాయి వాళ్ళ నాన్నగారి మాట చదివి రాస్తున్నాను. మా తమ్ముణ్ణి కొట్లాట కేసులో తీసుకెళ్ళారు. మొదట పెట్టుకున్న లాయర్ డబ్బు తీసుకుని రెండు వాయిదాలకి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. అమ్మ చేర్లపల్లి జైలుకి పోవడం, ములాఖత్‌లో వాడు "నెక్స్ట్ వాయిదా ఎప్పుడమ్మా" అనడం, ఆమె తెలీదని చెప్పలేక "త్వరలోనే బిడ్డా" అనడం. తర్వాత లీగల్ ఎయిడ్ నుంచి ఒకమ్మాయి వచ్చింది, చిన్నపిల్ల. మొదటి రోజే ఒక కాగితం మీద కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ తెలుగులో పెద్దక్షరాలతో రాసి అమ్మ చేతికిచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ బియ్యం డబ్బాలో ఉంది. కేసు ఎనిమిది నెలలకి కొట్టేశారు. వాడు తప్పు చెయ్యలేదు. చేసి ఉన్నా ఆ కాగితం ఇవ్వాల్సిందే కదా. మీ నాన్నగారికి ఇది చదివి వినిపించండి.

ఆఖరి_ఏడు_లా:
వినిపించాను అన్నా. ఏమీ అనలేదు, కాసేపాగి "మరి ఆ ఫోన్ కేసు పిల్లాడి సంగతేమైంది" అని అడిగారు. ఉత్తరం మా క్లినిక్ మేడమ్ సంతకంతో నిన్న ఇచ్చొచ్చాం. సోమవారం నాంపల్లిలో రిమాండ్‌లు చూడాలనుకుంటున్నాను, స్టూడెంట్‌ని కూర్చోనిస్తారా?

ట్రయల్_కోర్టు_మనిషి:
ఓపెన్ కోర్టు, ఎవరైనా కూర్చోవచ్చు. తెల్లచొక్కా వేసుకో, ఫోన్ సైలెంట్, వెనక బెంచీ. రిమాండ్‌లు ఎక్కువగా సాయంత్రమే తెస్తారు, పొద్దున్నే చూసి వెళ్ళిపోకు. ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు పట్టిందో, లాయర్ ఉన్నారా లేరా, జడ్జిగారు "లాయర్ ఉన్నారా, పోలీసులు కొట్టారా" అని అడిగారా లేదా రాసుకో. రాసుకున్నది ఇక్కడ పెట్టు, పేర్లు మాత్రం వద్దు.