వయొలిన్ డిప్లొమా తర్వాత చెన్నైకి వెళ్లాలా, నెల్లూరులోనే ఉండాలా?

పెన్నాతీరం (నెల్లూరు):
ప్రభుత్వ సంగీత పాఠశాలలో వయొలిన్ ప్రధానాంశంగా సర్టిఫికెట్, ఆ తర్వాత డిప్లొమా పూర్తి చేశాను. చెన్నైలో ఒక విద్వాంసుడు శిష్యురాలిగా తీసుకుంటానన్నారు. ఇంట్లోనే ఉంటే నలుగురు పిల్లలకు పాఠాలు చెప్పుకోవచ్చు, పెళ్లిళ్లలో వాయించే బృందం ఒకటి కూడా అడుగుతోంది. చెన్నైలో ఉండడానికి అయ్యే ఖర్చు రెండేళ్లకు మించి భరించలేనని నాన్నగారు ముందే చెప్పారు. ఏ దారి మంచిదో తెలిసినవారు చెప్పగలరు.

మూలాపేట మాష్టారు:
అమ్మా, ఇందులో ఆలోచించవలసినది ఏమీ లేదు, చెన్నైకి వెళ్లు. డిప్లొమా నీకు వర్ణాలనూ కృతులనూ ఇచ్చింది గాని, గాయకుడు అప్పటికప్పుడు ఎత్తుకున్న రాగాన్ని వెన్నంటి వెళ్లి, ఆయన ఆపినచోట అందుకుని, ఆయన కంటె ఒక్క సంగతి (స్వరాల మలుపు) కూడా ఎక్కువ వాయించకుండా తిరిగి అప్పగించే విద్యను ఏ పాఠశాలా ఇవ్వలేదు. అది గురువు పక్కన కూర్చుని, ధనుర్మాసంలో, చెన్నై కచేరీల కాలంలో, సభ తర్వాత సభ తిరిగి వింటేనే వస్తుంది. త్యాగరాజస్వామి పూర్వులు మన కాకర్ల నుంచి, శ్యామశాస్త్రి పూర్వులు మన కంభం నుంచి దక్షిణాదికి వెళ్లినవారే. ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఇక్కడే కూర్చుని పెళ్లిపందిళ్లలో సినిమా పాటలు వాయించడం మొదలుపెడితే ఏడాది తిరక్కుండానే గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే పట్టు, పలచబడుతుంది.

వేదాయపాళెం:
ఊళ్లోనే ఉండి కచేరీలకు వెళ్లి వస్తానంటే కుదరదని కూడా చెప్పండి. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళితే మధ్యాహ్నానికి చెన్నై చేరవచ్చు గాని, సాయంత్రం కచేరీ విని వచ్చేవారికి ఆ రైలు అక్కరకు రాదు.

ఒంగోలు గెజిట్:
డిప్లొమా డిగ్రీతో సమానం కాదన్న సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక తరగతుల సంగీత ఉపాధ్యాయ పోస్టుకు సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ అడుగుతారు. వాయిద్యం ఎంత బాగా వచ్చినా ఆ కాగితం లేకపోతే దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు.

కొత్తపట్నం సన్నాయి:
మాష్టారూ, చినమౌలానా గారి పేరు ఎత్తారు కనుక రాస్తున్నాను. ఆయన పుట్టినది నాదస్వర కుటుంబంలో. ఆ సంప్రదాయం గుడికీ పెళ్లికీ కచేరీకీ మధ్య గోడ కట్టలేదు. మాది కూడా ఆ వృత్తే. పెళ్లిలో వాయించేవాడికి విద్య తక్కువన్నట్టుగా రాశారు. పురోహితుడు ఎప్పుడు చెయ్యి ఎత్తుతాడో చూస్తూ, సాగుతున్న ఆలాపనను వినేవారికి తెగినట్టు అనిపించకుండా ముగించి, మాంగల్యధారణ క్షణానికి గెట్టిమేళం అందుకోవడం అప్పటికప్పుడు అల్లే మీ కల్పనస్వరాల కంటె తేలికైన పని కాదు. సాంబారు వాసన మధ్య, మైకు కూతల మధ్య మా నాన్న వాయించిన ఆనందభైరవి విని వంటవాళ్లు గరిటెలు ఆపి నిలబడడం నేను చూశాను. సినిమా పాట అడుగుతారు, నిజమే. అడిగిన పాట వాయించి, తర్వాత మనకు నచ్చినది వాయిస్తాం.

మూలాపేట మాష్టారు:
నేను వృత్తిని కించపరచలేదు, మీరు లేనిపోనిది చదువుకున్నారు. ఈ జిల్లాల్లో శాస్త్రీయ సంగీతానికి ఉన్న గౌరవం ఎంతో నాకు తెలుసు కాబట్టే ఆ అమ్మాయిని పొమ్మంటున్నాను. ఒక ఊరి ఉత్సవానికి నన్ను కచేరీకి పిలిచారు. ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు సన్మానాలు జరిగేటంత సేపూ నేను శ్రుతి చేసిన వయొలిన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, చివరికి అరగంట మాత్రమే మిగిలింది. ఒక శాలువా, ఒక జ్ఞాపిక ఇచ్చారు గాని దారిఖర్చుల ఊసెత్తలేదు.

కొత్తపట్నం సన్నాయి:
మరి ఆ శాలువా ఇచ్చి ఆ అమ్మాయి బియ్యం కొనుక్కోవాలా? మీరు చెప్పినది నా వాదనకే సాక్ష్యం.

కావలి గృహిణి:
పాఠాలు చెప్పుకోవడం సులువైన దారి అన్నట్టు అందరూ దాటవేస్తున్నారు. అమెరికాలోని తెలుగు పిల్లలకు నేను ఆన్‌లైన్లో వయొలిన్ నేర్పుతున్నాను. వాళ్ల సాయంత్రం మనకు తెల్లవారుజాము. నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పగానే నా తరగతులన్నీ గంట జరుగుతాయి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరం కలిసి తాళం వేస్తూ వాయించడం అసాధ్యం. పిల్లవాడు ఒంటరిగా వాయించాలి, నేను వినాలి, ఆపి సరిదిద్దాలి. వయొలిన్ తల కుడి చీలమండ మీద సరిగా ఆనిందా లేదా, తీగల మీద ఆడించే కమానును పట్టిన బొటనవేలు బిగుసుకుందా అన్నది కెమెరాలో కనపడదు, ఆ లోపం కొన్ని నెలల తర్వాత శ్రుతిలో బయటపడుతుంది. డబ్బు వస్తుంది, కాదనను. కాని తెల్లవారుజామున, అంటే నా సాధన వేళలో, నేను తొలి పాఠాలైన సరళీ స్వరాలు చెబుతూ ఉంటాను. పాఠాలు ఎన్ని గంటలు చెప్పాలన్నది ముందే గీత గీసుకోకపోతే ఆ అమ్మాయిలోని విద్వాంసురాలు టీచరుగానే మిగిలిపోతుంది.

ఒంగోలు గెజిట్:
టీచరు కావడానికైనా డిగ్రీ కావాలనే నేను మొదటి నుంచీ చెబుతున్నాను.

వేదాయపాళెం:
గెజిట్ గారూ, మీరు చెప్పినది మాకు వినపడింది.

కొత్తపట్నం సన్నాయి:
మాష్టారూ, ఒక్క మాట సూటిగా అడుగుతాను. మీరు ఏ పెళ్లిలోనూ వాయించలేదన్న గర్వం మీ రాతలో కనపడుతోంది. నెల నెలా జీతం అందుకున్నవారికి ఆ గర్వం చెల్లుతుంది. మా ఇంట్లో ముహూర్తాలు లేని ఆషాఢంలో, మూఢంలో అప్పు చేసి తిన్నాం. కళ కోసం బతకమని చెప్పడానికి ముందు, మీ వంటింటి ఖర్చు ఏ ఖాతాలోంచి వెళ్లిందో చెప్పండి.

మూలాపేట మాష్టారు:
చెబుతాను, దాచవలసిన సంగతి కాదు. నేను ప్రభుత్వోద్యోగిని, సంగీతానికి సంబంధం లేని శాఖలో పనిచేశాను. జీతం ఉంది కాబట్టే నా కమాను ఎవరి ఆజ్ఞ ప్రకారమూ కదలలేదు, ఏ రాగం ఎంతసేపు వాయించాలో నేనే నిర్ణయించుకున్నాను. త్యాగరాజస్వామి రాజసన్మానాన్ని కాదని ఉంఛవృత్తితో, అంటే ఇంటింటా భిక్షతో, బతికినది ఆ స్వేచ్ఛ కోసమే కదా. తిండి కోసం వాయించినవాడికి అది మిగలదని నా నమ్మకం, కోపం వస్తే రానివ్వండి.

కొత్తపట్నం సన్నాయి:
ఇప్పుడు అసలు మాట బయటికి వచ్చింది. మీ లెక్కలో సంగీతంతో బతికేవాడు సంగీతకారుడు కాడు, వేరే ఆదాయం ఉన్నవాడే సంగీతకారుడు. అలాగైతే మా తాతలూ తండ్రులూ ఎవరు? గుళ్లో సుప్రభాత వేళకు వాయించినవారికి గింజలు కొలిచి ఇచ్చేవారు, అదీ తిండి కోసమే. ఇంకొక సంగతి గమనించండి. మీ నమ్మకమే నిజమైతే మీరు ఆమెను చెన్నైకి పొమ్మనకూడదు, బ్యాంకు పరీక్షలు రాయమనాలి. రెండేళ్ల తర్వాత తండ్రి డబ్బు ఆగిపోయిననాడు ఆ మహానగరంలో ఆమె కూడా తిండి కోసమే వాయించాలి.

మూలాపేట మాష్టారు:
చెన్నైలో తిండి కోసం వాయించినా పక్కన కూర్చునేవారు పెద్ద విద్వాంసులు. ఆ తేడా మీరు ఒప్పుకోరు.

కావలి గృహిణి:
ఇద్దరూ ఆమెను మరచిపోయారు. అమ్మా పెన్నాతీరం, ఆకాశవాణి ఆడిషన్‌కు దరఖాస్తు చేశావా? కళాకారులకు వాళ్లిచ్చే శ్రేణుల్లో తొలిదైన బి గ్రేడు వచ్చినా కచేరీలు పెట్టే సభలవారు పేరు పక్కన వేసుకుంటారు, పాఠాలకు వచ్చే తల్లిదండ్రులూ అడుగుతారు. దానికి ఊరు మారనక్కరలేదు.

పెన్నాతీరం (నెల్లూరు):
ఇంకా చేయలేదండీ, చేస్తాను. చెన్నై గురువుగారిని వారానికి రెండు రోజులు వచ్చి నేర్చుకోవచ్చునా అని నిన్ననే ఫోన్లో అడిగాను, ఆలోచించి చెబుతానన్నారు. మాష్టారు గారికి కోపం రాకపోతే ఒక మాట. పెళ్లి బృందంలో వాయించాలని నాకు ఉంది. డబ్బు కోసం మాత్రమే కాదు, వేదిక మీద నా చెయ్యి వణుకుతుంది, అక్కడైతే ఎవరూ నన్నే చూస్తూ ఉండరు.

మూలాపేట మాష్టారు:
వణుకు పోగొట్టుకోవడానికి గుళ్లో వాయించు, నవరాత్రుల్లో నేనే ఏర్పాటు చేయిస్తాను.

ఒంగోలు గెజిట్:
ఇంత చర్చ జరిగింది గాని, ఆమె ఇంటర్ తర్వాత ఏం చదివిందో ఎవరూ అడగలేదు.

పెన్నాతీరం (నెల్లూరు):
ఇంటర్ అయ్యాక నేరుగా సంగీతంలోనే చేరానండీ, డిగ్రీ చదవలేదు.

ఒంగోలు గెజిట్:
అయితే దూరవిద్యలోనైనా ముందు డిగ్రీకి కట్టండి. అది ఉంటే తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో సంగీతం ఎం.ఏ. సంగతి తర్వాత ఆలోచించవచ్చు.

కొత్తపట్నం సన్నాయి:
ఆ బృందంవారితో మాట్లాడేటప్పుడు రేటు ముందే కాగితం మీద రాయించుకోమ్మా. దూరపు ఊరైతే దారిఖర్చు విడిగా అడుగు, ముహూర్తం అర్ధరాత్రి దాటితే తిరిగి ఇంటికి చేర్చే బాధ్యత వాళ్లదేనని కూడా రాయించు.