అమెరికా ఇమిగ్రేషన్ అమలు సంస్థ ఐస్ (ICE)తో పోలీసుల సహకారం: సిటీ ఆర్డినెన్స్‌లో ఏం రాస్తే నిలుస్తుంది?

ప్రశ్న:
మా సిటీ కౌన్సిల్ ముందుకు ఆర్డినెన్స్ (నగర స్థాయి చట్టం) ముసాయిదా వస్తోంది. అందులో అసలు వాక్యం ఒక్కటే: "వారంట్ లేకుండా పోలీసులు ఐస్‌కు ఎవరినీ అప్పగించరాదు, ఏ సమాచారమూ ఇవ్వరాదు." ఇది కోర్టులో నిలుస్తుందా? పబ్లిక్ కామెంట్‌లో ఏ మార్పులు అడగాలి?

జవాబు 1:
లొసుగు "వారంట్" అన్న మాటలోనే ఉందండీ. ఐస్ పంపే డిటైనర్‌కు (ఐ-247ఏ ఫారం) జతగా ఐ-200 గానీ ఐ-205 గానీ ఫారం వస్తుంది. దాని మీదా వారంట్ అనే ఉంటుంది, కానీ సంతకం ఇమిగ్రేషన్ అధికారిది, జడ్జిది కాదు. రాత్రి డ్యూటీలో ఉన్న జైలు సిబ్బందికి ఆ తేడా పట్టదు. "జడ్జి లేదా మేజిస్ట్రేట్ సంతకం చేసిన వారంట్" అని నిర్వచనంలోనే రాయించండి.

డిటైనర్ అంటే విడుదల కావాల్సిన మనిషిని ఇంకో 48 గంటల దాకా పట్టి ఉంచమని అడగడం. అది విన్నపమే, ఆజ్ఞ కాదని 2014లో గలార్జా కేసులో థర్డ్ సర్క్యూట్ (ఫెడరల్ అప్పీలు కోర్టు) తేల్చింది. అదే ఏడు ఆరెగాన్‌లో క్లాకమస్ కౌంటీ, డిటైనర్ చూసి ఒకరిని ఆపి ఉంచినందుకు కారణం లేని నిర్బంధాన్ని నిషేధించే రాజ్యాంగం నాలుగో సవరణ కింద కోర్టులో ఓడిపోయింది. కౌన్సిల్‌కు ముందు ఇదే చెప్పండి. దావా పడితే భారం స్థానిక ఖజానాదే.

జవాబు 2:
"ఏ సమాచారమూ" అన్నది తీసేయాలి. 1996 నాటి ఫెడరల్ చట్టం (సెక్షన్ 1373) ఇమిగ్రేషన్ స్టేటస్ వివరాలు పంచుకోవడాన్ని నిషేధించకూడదంటుంది. స్టేటస్ అడిగి తీరాలని మాత్రం అనదు. "పోలీసులు స్టేటస్ అడగరాదు, నమోదు చేయరాదు" అని రాస్తే ఇవ్వడానికి ఏమీ మిగలదు. విడుదల తేదీ, ఇంటి అడ్రసు ఆ సెక్షన్ కిందకు రావని ఐస్‌తో పోలీసుల సహకారాన్ని పరిమితం చేసే కాలిఫోర్నియా చట్టం ఎస్‌బీ 54 కేసులో నైన్త్ సర్క్యూట్ 2019లో చెప్పింది. ఆ రెంటినీ ఇవ్వరాదని పేరు పెట్టి విడిగా చేర్చండి.

ప్రశ్న అడిగినవారు:
మరి వేలిముద్రలు? జైల్లో తీస్తే ఐస్‌కు ఎలాగూ తెలుస్తుంది కదా?

జవాబు 3:
తెలుస్తుంది. బుకింగ్‌లో (అరెస్టయినవారిని జైల్లో నమోదు చేసేటప్పుడు) తీసిన ముద్రలు ఎఫ్‌బీఐకి, అక్కణ్నుంచి ఐస్ పై శాఖ అయిన హోంల్యాండ్ సెక్యూరిటీకి వెళ్తాయి. దాన్ని ఏ ఆర్డినెన్సూ ఆపలేదు. ఆపగలిగేది బుకింగ్‌నే. లైసెన్స్ లేకుండా బండి నడపడం లాంటి వాటికి రాష్ట్ర చట్టం ఒప్పుకున్నంత మేర అరెస్టు బదులు అక్కడికక్కడే సైటేషన్ (కోర్టుకు రమ్మనే చీటీ) ఇచ్చి పంపాలని ఒక క్లాజు పెట్టించండి. మిగతావన్నీ కలిపినా ఇంతమందిని కాపాడవని నా అభిప్రాయం.

జైలు చాలా చోట్ల కౌంటీ షెరీఫ్ కింద ఉంటుంది, ఆయనకు సిటీ ఆర్డినెన్స్ వర్తించదు. షెరీఫ్‌కు ఐస్‌తో 287(జీ) ఒప్పందం ఉందేమో ఐస్ వెబ్‌సైట్‌లో చూడండి. ఉంటే శిక్షణ పొందిన డెప్యూటీలే ఇమిగ్రేషన్ పని చేస్తారు, మీరు కౌంటీ బోర్డు దగ్గరకూ వెళ్లాల్సిందే. నంబర్ ప్లేట్ కెమెరాల డేటాను బయటి ఏజెన్సీలు వెతకకుండా కూడా రాయించండి, దీన్ని చాలామంది మరచిపోతారు.

జవాబు 1:
ఇదంతా మీ రాష్ట్రం ఒప్పుకుంటేనే. టెక్సస్‌లో 2017 నాటి ఎస్‌బీ 4 చట్టం, ఫ్లోరిడాలో 2019 నాటి ఎస్‌బీ 168 చట్టం ఇలాంటి ఆర్డినెన్సులను నిషేధించాయి. హెచ్1బీ వాళ్లకు ఒక మాట: తాగి నడిపి అరెస్టయితే, శిక్ష పడకపోయినా కాన్సులేట్ వీసా రద్దు చేయవచ్చు. దానికి ఈ ఆర్డినెన్స్ అడ్డురాదు.