ఆయిల్ పోర్ట్రెయిట్‌లో నల్లని చర్మం మీది వెలుగు సుద్దలా తేలుతోంది, ఏం చేయాలి?

పారిశుద్ధ్య కార్మికురాలి పోర్ట్రెయిట్. 24×30 అంగుళాల కాన్వాస్, రెండు పూతల యాక్రిలిక్ జెస్సో (రంగు వేసే ముందు కాన్వాస్‌కి పట్టించే అడుగు పూత). నీడలకు బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరైన్ (ముదురు నీలం) కలిపాను. ఆరాక మెడ కింద, కణతల దగ్గర మెరుపు పోయి మచ్చలు కట్టింది. జెస్సో నూనె పీల్చేసింది, తొలి పొరలో రంగును పలచన చేసే టర్పెంటైన్ కూడా ఎక్కువైంది. లిన్సీడ్ నూనె పలచగా రుద్ది తుడిచేస్తే లోతు తిరిగొచ్చింది కాబట్టి దాని గురించి బెంగ లేదు.

చిక్కంతా వెలుగు దగ్గరే. చెంప ఎముక మీద టైటానియం వైట్ కలిపితే సుద్ద పూసినట్టుంది. తెలుపు తగ్గించి ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ) పెంచితే చర్మానికి ప్రాణం వస్తోంది గానీ, పొద్దున్నే ఆకాశం నుంచి పడే చల్లని మెరుపు పోతోంది. జింక్ వైట్ పారదర్శకమే, కానీ పెళుసుబారి పగులుతుందని వాడట్లేదు.

అమెరికన్ చిత్రకారిణి ఎమీ షెరాల్డ్ నల్లవారి చర్మాన్ని బూడిద ఛాయల్లో వేస్తారు. అక్కడి చిత్రకారుడే అయిన కెర్రీ జేమ్స్ మార్షల్ ఐవరీ, కార్బన్, మార్స్ బ్లాక్ అనే మూడు రకాల నలుపు రంగులతో నలుపులోనే తేడాలు చూపిస్తారు. నాకు మాత్రం నారింజ జాకెట్ రంగు గడ్డం కింద ప్రతిఫలించే ఈ ముఖమే కావాలి. చూసేవాళ్లకి జాలి కలగకూడదు, ఆమె మనకేసి సూటిగా చూడాలి.

ఆ చల్లని మెరుపుకి సెరూలియన్ బ్లూ నేరుగా కలపాలా, ఆరిన పొర మీద గ్లేజ్‌గా (పలచని పారదర్శక పొరగా) వేయాలా? తెలుపు ఏ పాళ్లలో ఉండాలి? ఇలాంటి చర్మం వేసినవాళ్లు దయచేసి చెప్పండి.