అప్‌డేట్: మా అమ్మాయి సేవకు వెళ్తానంటోందని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. నర్సింగ్ పూర్తిచేసిన మా అమ్మాయి ఒడిశాలో గిరిజనుల మధ్య ఉన్న మిషన్ ఆసుపత్రికి వెళ్తానంది, మా ఆయన ససేమిరా అన్నారు. ఆ గొడవలో కుటుంబ ప్రార్థన కూడా ఆగిపోయింది.

ముందు ప్రార్థన మొదలుపెట్టండి, వాదన తర్వాత అని ఒక అక్క చెప్పారు. అదే చేశాను. రాత్రి ఎనిమిదిన్నరకి చాప పరిచి ఒక కీర్తన, ఒక అధ్యాయం. మూడు రోజులు నేనూ అమ్మాయే. నాలుగో రోజు ఆయన టీవీ సౌండ్ తగ్గించారు. వారం తిరిగేసరికి చాప అంచున వచ్చి కూర్చున్నారు.

మాది చిత్తూరు. ఆయన గుండెకి చూపించుకునేది పక్కనున్న వేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలోనే. దాన్ని 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన ఐడా స్కడర్‌కి అసలు మిషనరీ కావాలని లేదట. మగ డాక్టరు వద్దని ఇంట్లోవాళ్లు పట్టుబట్టడంతో ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్లు కాన్పులో చనిపోయారు, అప్పుడు మనసు మార్చుకుందని అమ్మాయి చెప్పింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కడ చలి ఎక్కువేమో, స్వెటర్ కొనుక్కోమ్మా" అన్నారు.

నాకు టెన్షన్ పోలేదు. ముందు ఒక ఏడాదికని ఒప్పుకున్నాం. రైలు టికెట్ ఆయనే బుక్ చేశారు. ప్రార్థించిన అందరికీ వందనాలు.