న్యూ ఆర్డర్ ‘సబ్‌స్టన్స్’: ఎల్పీయా, సీడీయా, క్యాసెట్టా?

రాత్రి_రేడియో:
ఇంగ్లండ్ బ్యాండ్ న్యూ ఆర్డర్ పాటలు ఇన్నాళ్లూ యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా వింటూ వచ్చాను. ఇప్పుడు 1987 నాటి వాళ్ల సంకలనం ‘సబ్‌స్టన్స్’ కొందామని ఉంది. సింగిల్స్ అన్నీ ఒకచోట పోసి అమ్మిన సరుకేనా, లేక ఆల్బమ్‌లా కూర్చుని వినదగ్గదేనా? ఎల్పీకీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) సీడీకీ పాటల్లో తేడా ఉందంటున్నారు. కొన్నవాళ్లు కాస్త చెప్పండి.

కోఠి_క్యాసెట్:
మామూలు హిట్స్ ప్యాక్ లెక్కలో వేయకండి. చాలా బ్యాండ్లకు సింగిల్ అంటే రాబోయే ఆల్బమ్‌కి ప్రచారం. వీళ్లు అలా కాదు. ‘బ్లూ మండే’ 1983 మార్చిలో వచ్చింది. మేలో వచ్చిన ‘పవర్, కరప్షన్ అండ్ లైస్’ బ్రిటన్ ఎల్పీలో ఆ పాట లేనే లేదు! ‘సెర్మనీ’, ‘టెంప్టేషన్’, ‘కన్‌ఫ్యూజన్’, ‘థీవ్స్ లైక్ అస్’ కూడా అంతే, విడి రికార్డులే. కాబట్టి ఆల్బమ్‌లు మాత్రమే కొన్నవాడికి అసలు బ్యాండ్ సగమే తెలుస్తుంది. ‘సబ్‌స్టన్స్’లో 12 సింగిల్స్, ఎక్కువగా పన్నెండంగుళాల రికార్డుల పొడుగు వెర్షన్లు, 1981 నుంచి 1987 దాకా వరసలో ఉంటాయి. మొదటి పాట ‘సెర్మనీ’ వీళ్ల పాత బ్యాండ్ జాయ్ డివిజన్ రోజుల్లో కట్టుకున్నది. 1980 మే 18న గాయకుడు ఇయన్ కర్టిస్ చనిపోయాక మిగిలిన ముగ్గురూ కొత్త పేరుతో వేసిన తొలి సింగిల్ అదే. కీబోర్డు వాయించే గిలియన్ గిల్బర్ట్ చేరాక మళ్లీ రికార్డ్ చేసిన వెర్షన్ ఇందులో ఉంది. అక్కడ మొదలుపెట్టి ‘ట్రూ ఫెయిత్’ దాకా ఆపకుండా వినండి. దిగులు గిటార్ల బ్యాండ్ డాన్స్ ఫ్లోర్ మీదికి ఎలా వచ్చిందో మీకే తెలుస్తుంది.

బేస్_బాబ్జీ:
దీని పుట్టుక కథ విన్నారా? వీళ్ల రికార్డు కంపెనీ ఫ్యాక్టరీ రికార్డ్స్ నడిపిన టోనీ విల్సన్ తన జాగ్వార్ కారులో సీడీ ప్లేయర్ ఉందని, అందులో వీళ్ల సింగిల్స్ అన్నీ వినాలని ముచ్చటపడ్డాడట. ఆ ముచ్చటకే ఫ్యాక్టరీ కేటలాగ్‌లో 200వ నంబర్ ఇచ్చారు. పైగా అమెరికాలో పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

వాల్తేరు_వినికిడి:
కోఠిగారితో సగమే ఏకీభవిస్తాను. వరసగా వింటే బ్యాండ్ ప్రయాణం తెలుస్తుందంటున్నారు గానీ అందులో దిద్దుబాట్లున్నాయి. ‘టెంప్టేషన్’, ‘కన్‌ఫ్యూజన్’ రెండూ 1987లో కొత్తగా పాడి వాయించినవి. 1982 నాటి ‘టెంప్టేషన్’లో గాయకుడు బెర్నార్డ్ సమ్నర్ ఒక్కసారిగా కేక పెడతాడు. పాడుతుండగా ఎవరో చొక్కాలో మంచు ముద్ద వేశారని చెప్తారు. ఆ గరుకు ఇక్కడ లేదు, నున్నగా తోమేశారు. సీడీతో ఇంకో పేచీ: ఆ పన్నెండు సింగిల్స్ ఒక డిస్క్‌లో పట్టాలని ‘ద పర్ఫెక్ట్ కిస్’ చివర కత్తిరించారు, ‘సబ్-కల్చర్’, ‘షెల్‌షాక్’ కూడా కుదించారు. పాత ‘టెంప్టేషన్’ కావాలంటే వీళ్ల తొలి ఆల్బమ్ ‘మూవ్‌మెంట్’ 2008 రెండు సీడీల ఎడిషన్ చూడండి.

కోఠి_క్యాసెట్:
అది నిజమే. కానీ నాకు 87 ‘టెంప్టేషనే’ ఇష్టం. ముందు విన్నది అదే కదా, చెవికి అదే అలవాటైపోయింది.

హాస్టల్_హార్డ్‌డిస్క్:
మా ఇంజినీరింగ్ హాస్టల్లో ‘బ్లూ మండే’ ఎంపీ3 మీద ఇంకేదో బ్యాండ్ పేరు ఉండేది, ఏళ్ల తరబడి అదే నమ్మాం 😀 ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని డ్రమ్ మెషిన్ వదిలేసి సింథ్ మెలొడీ ఒక్కటే పట్టుకోండి. తాళానికి కొంచెం పక్కగా నడుస్తుంది. గిల్బర్ట్ ఆ స్వరాలన్నీ ఏ4 కాగితాల మీద రాసి, స్టూడియో పొడుగునా టేపుతో అతికించుకుని, ఒక్కొక్కటే చేత్తో ఎక్కించారు. మధ్యలో ఒక్క నోట్ జారిపోయింది. దాంతో మెలొడీ మొత్తం పక్కకు జరిగింది, అలాగే ఉంచేశారు. అది సరిగ్గా పడి ఉంటే పాటకి ఆ కిక్ వచ్చేదా అని నా డౌట్.

రాత్రి_రేడియో:
ఇప్పుడే విన్నాను. అవునండోయ్! మరి బి-సైడ్స్ (సింగిల్ రికార్డు వెనక వైపు పాటలు) సంగతి?

ఎడిసన్_ఎల్పీ:
దానికోసమే సీడీ కొనాలి తమ్ముడూ. ఎల్పీలో ఆ పన్నెండే. సీడీలో రెండో డిస్క్‌లో ఎక్కువగా బి-సైడ్లే. ‘ఇన్ ఎ లోన్లీ ప్లేస్’, ‘లోన్‌సమ్ టునైట్’, ‘1963’ ఒక్కసారి విను. నిర్మాత స్టీఫెన్ హేగ్ దగ్గర ‘ట్రూ ఫెయిత్’తో పాటే చేసిన ‘1963’ని వెనక వైపుకి తోసేశారు, 1995లో గానీ అది సొంతంగా సింగిల్ కాలేదు. నా దగ్గర 2023 నాలుగు సీడీల సెట్ ఉంది. నాలుగో దాంట్లో 1987 కాలిఫోర్నియా కచేరీ ఉంది. స్టేజీ మీద ‘సబ్‌స్టన్స్’ పాటలనే అదే వరసలో వాయించారు. బ్యాండే దాన్ని ఆల్బమ్‌లా చూసిందనడానికి ఇంతకన్నా ఏం కావాలి, వాల్తేరు గారూ?

వాల్తేరు_వినికిడి:
సరే, ఆ కచేరీ విన్నాక మాట్లాడతా 🙂

గుంటూరు_గిటార్:
ఆర్డర్ పెట్టేముందు బ్యాండ్ పేరు చూసుకోండి. జాయ్ డివిజన్‌కీ ‘సబ్‌స్టన్స్’ పేరుతోనే 1988లో సంకలనం ఉంది. నాకు ఒక ఆన్‌లైన్ షాపువాడు అది పంపాడు. వెనక్కి పంపుదామనుకుని ‘ట్రాన్స్‌మిషన్’, ‘అట్మాస్ఫియర్’ విన్నాక ఉంచేసుకున్నాను.

రాత్రి_రేడియో:
అయితే సీడీకే ఓటు, రెండు డిస్కులది. నాలుగు సీడీల సెట్ ధర చూస్తే గుండె ఆగినంత పనైంది. హైదరాబాద్‌లో ఎవరైనా పాత కాపీ అమ్ముతుంటే మెసేజ్ చేయండి. రెండో డిస్క్ ఉందో లేదో చూసి చెప్పండి ప్లీజ్.