స్క్రిప్టు నుంచి విమ్ ఎడిటర్ తెరిచేటప్పుడు టెర్మినల్ వెడల్పును నిర్ణయించడం ఎలా?

ప్రశ్న: నా షెల్ స్క్రిప్టు (కమాండ్లను వరుసగా నడిపే ఫైలు) ఎక్స్‌టెర్మ్ అనే టెర్మినల్ విండోలో విమ్‌ను తెరుస్తుంది. విండో ఎప్పుడూ 80 కాలమ్‌లతోనే (లైనుకు 80 అక్షరాల వెడల్పుతో) వస్తున్నందున లాగ్ ఫైళ్లలోని పొడవైన లైన్లు విరిగి కనిపిస్తున్నాయి. వెడల్పును సూచించే కాలమ్స్ (COLUMNS) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 132 ఇచ్చినా ఫలితం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆ వేరియబుల్ విండోను పెద్దది చేయదండి; విమ్ తన వెడల్పును ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నల్‌నే అడుగుతుంది, అక్కడ దొరకనప్పుడు మాత్రమే వేరియబుల్‌ను చూస్తుంది. కాబట్టి ఎక్స్‌టెర్మ్‌ను పిలిచేటప్పుడే విండో కొలతలు చెప్పే జామెట్రీ (-geometry) ఆప్షన్‌లో ముందు కాలమ్‌లు, తరువాత లైన్ల సంఖ్య ఇవ్వండి. ఎడిటర్‌ను నడిపే ‘-e’ ఆప్షన్ మాత్రం చివరన ఉండాలి, ఎందుకంటే దాని తరువాత రాసినదంతా నడపవలసిన కమాండ్‌గానే లెక్కకు వస్తుంది.

మరో జవాబు: టెర్మినల్ సెట్టింగులు మార్చే ఎస్‌టీటీవై (stty) కమాండ్ వాడమని కొందరు చెబుతారు కానీ, అది కెర్నల్ దగ్గరున్న వెడల్పు లెక్కను మాత్రమే మారుస్తుంది; విండో మారదు, తెర చెదిరిపోతుంది.

అడిగినవారు: జామెట్రీతో సరిపోయిందండి, ధన్యవాదాలు.